రెండు వందల ఇరవై దెబ్బలు

పోయినవాటిని ముందే లెక్కపెట్టి చెబుతాను. ఇండూరులో మా నాయన కట్టిన పట్టుపురుగుల షెడ్డు ఒకటి, దానికి ఆనుకుని ఆకు గది ఒకటి, మల్బరీ తోట ఎకరమున్నర, గిటార్లు రెండు, చిన్న కీబోర్డు ఒకటి, నూనె డబ్బాలు మూడు, క్యాసెట్లు మూడు, ఇంగ్లీషు పాటలు తొమ్మిది, ఆదివారాలు నలభై ఏడు, అన్న ఒకడు. అన్న బతికే ఉన్నాడు, హోసూరులో మేడ కట్టుకున్నాడు. అయినా ఈ లెక్కలో ఆయనను పోయినవాటిలోనే వేస్తాను.

లెక్క మళ్లీ తీయవలసి రావడానికి కారణం ఒక వాసన. పోయిన వారం మా మేనమామ కొడుకు మురళి కొత్త ఇంటి గృహప్రవేశానికని ధర్మపురిలో పాపారపట్టి బస్సెక్కాను. ఎవరో రైతు మల్బరీ ఆకు మూట తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. తడి గోనెలో కుక్కిన ఆకు లోపల వేడెక్కి, పచ్చిగా, కాస్త పులిసినట్లుగా ఒక వాసన వస్తుంది. అది ముక్కుకు తగలగానే నా కుడిచెయ్యి దానంతటది మోకాలి మీద కొట్టడం మొదలుపెట్టింది. గడియారం చూశాను. నిమిషానికి నూట పది. ముప్పై రెండేళ్ల తరువాత కూడా ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. లెక్క నాకు ఎవరూ నేర్పలేదు, చింతగింజలతో వామనగుంటలు ఆడుతూ నేర్చుకున్నాను. ఏ గుంటలో చెయ్యి పెడితే ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పేస్తానని నా ఈడు పిల్లలెవరూ నాతో ఆడేవాళ్లు కాదు. తెలుగు అక్షరాలు కూడా ముప్పై దాటాక పంచాంగం ముందు పెట్టుకుని, అంకెల దగ్గర మొదలుపెట్టి పట్టుకున్నవే. మా ఇళ్లలో తెలుగు నోటితో మాట్లాడేదే గాని చేత్తో రాసేది కాదు. గడప దాటితే అంతా తమిళం.

ఇండూరులో మా ఇల్లు పురుగుల చుట్టూ తిరిగేది. ఎండాకాలంలో కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి గంటకోసారి నీళ్లు చల్లేవాళ్లం, చలికాలంలో కుంపట్లు పెట్టేవాళ్లం. పురుగులు పెద్దవై ఆకు మేస్తుంటే పెంకుల మీద వాన పడుతున్న చప్పుడు వచ్చేది, ఆ చప్పుడుకు నిద్రపట్టిన పిల్లలం మేము. కాళ్లు కడుక్కోనిదే అవ్వ ఎవరినీ షెడ్డులోకి రానిచ్చేది కాదు. చేపలు తిన్నవాడినీ, ఉల్లిపాయ తాలింపు వాసన వచ్చేవాడినీ వాకిట్లోనే నిలబెట్టేది. ఉగాదికి ఓళిగలు కాల్చినా పొగ అటు పోకుండా గాలి చూసి పొయ్యి మార్చేది. నోట్లో తమలపాకు, చేతిలో తట్ట, పురుగులతో మాటలు. మనుమలతో కంటే వాటితోనే ఎక్కువ మాట్లాడిందని ఇప్పటికీ నా నమ్మకం.

అట్లాంటి ఇంట్లో మా అన్న శీన రాక్ బ్యాండు పెట్టాడు. ధర్మపురి కాలేజీలో అతనితో చదివే సెల్వం వాళ్ల అన్న బెంగుళూరులో పని చేసేవాడు. ఆయన మూడు ఇంగ్లీషు క్యాసెట్లు ఇచ్చి పోయాడు. వాటిలోంచి తొమ్మిది పాటలు ఎంచుకున్నారు. అన్న గిటారు వాయిస్తూ పాడేవాడు, మురళి రెండో గిటారు, సెల్వం రెండు జానల కీబోర్డు. డ్రమ్ము కొట్టడానికి ఎవరూ కుదరలేదు. కూర్చోబెట్టిన ప్రతివాడూ పాట సగానికి వచ్చేసరికి పరుగెత్తేవాడు. ఒక ఆదివారం ఆకు మోస్తూ గుమ్మంలో నిలబడి, “ఇరవై ఒకటో వరసకాడ తొందరపడినారు” అన్నాను. నాలుగు దెబ్బలు ఒక వరస అని నా లెక్క. అన్న నన్ను ఎగాదిగా చూసి, “అయితే నువ్వు కొట్టు” అన్నాడు. అప్పుడు నాకు పదమూడేళ్లు. పదిహేను కిలోల నూనె డబ్బాలు మూడు, వేలాడగట్టిన గంగాళం మూత ఒకటి, ఆకు దూసేసిన మల్బరీ కొమ్మలు రెండు. కొమ్మలు వారానికి ఒక జత విరిగేవి. డబ్బా మీద సెల్వం ఎర్ర రంగుతో ‘థండర్ ఫోర్’ అని రాశాడు. నాలుగోదాన్ని నేను.

ప్రతి ఆదివారం అమ్మ చేసిన రాగిసంగటి తిని, పదింటికి ఆకు గదిలో కూర్చుంటే మధ్యాహ్నం మేత వేళ వరకు. గోడ అవతల పురుగులు. అవి పొర విడిచే ముందు నాలుగుసార్లు నిద్రపోతాయి, ఆ రోజుల్లో చప్పుడు చేయకూడదని అవ్వ ఆజ్ఞ. మొత్తం యాభై ఎనిమిది ఆదివారాల్లో నిద్రలకూ, గూడు కట్టే రోజులకూ పదకొండు పోయాయి. మిగిలినవి నలభై ఏడు.

పాట నడక నేను అమ్మ కత్తి నుంచి తీసుకున్నాను. పిల్ల పురుగులకు ఆకును సన్నగా తరగాలి. అమ్మ పీట మీద ఆకు పేర్చి తరుగుతుంటే కత్తి దెబ్బ నిమిషానికి నూట పది పడేది. మా మొదటి పాటకు కూడా సరిగ్గా అదే నడక. కళ్లు మూసుకుని ఆ కత్తిని తలుచుకుంటే చాలు, నా చెయ్యి జారేది కాదు.

అయితే ఆ నూట పదిలో ఒక తప్పు ఉంది, దాన్ని కనిపెట్టినదీ నేనే. టేపురికార్డరు లోపలి రబ్బరు బెల్టు తెగిపోతే అన్న సైకిలు ట్యూబును కత్తెరతో సన్నగా కోసి తగిలించాడు. అది వదులై జారేది. క్యాసెట్టు ఒక పక్క ముప్పై నిమిషాలని రాసి ఉంటే, నాయన గడియారం పెట్టి చూశాను, ముప్పై మూడు నిమిషాలు పాడింది.

“అన్నా, ఈ పెట్టె నిదానంగా పోతా ఉండాది” అన్నాను. “అట్టమీద చూడు, మొదటి పాట నాలుగు నిమిషాల పది సెకండ్లు అని రాసుండాది. మనకు నాలుగు ముప్పై అయిదు వస్తా ఉండాది. నిజం పాట నూట ఇరవై ఒకటి.”

మురళి గిటారు పక్కన పెట్టి నవ్వాడు. “శీనా, మీ చెల్లెలు పురుగుల కాళ్లు కూడా ఎంచుతాదిరా.”

“ఎంచినాను బావా. పదహారు.”

అన్న నవ్వలేదు. “ఈ నడకే నా గొంతుకు సరిపోతాది. మనం నేర్చుకున్నది ఇదే. నువ్వు సుమ్మ, ఊరికే దీన్నే పట్టుకో పాపా, వదలొద్దు.”

“పట్టుకుంటాను. కాలేజీ వేడుకలో స్టేజీ మీద కూడా నేనే గదా?”

“నువ్వే. ఒట్టు. అవ్వ మీద.”

ఆకు కుప్ప వెనకనుంచి అవ్వ గొంతు వినిపించింది. “నా మీద ఎందుకురా, నీ గిటారు మీద పెట్టుకో.”

గిటారు మీద పెట్టి ఉంటే నిలబెట్టుకునేవాడేమో.

కాలేజీ వేడుక ఇంక నాలుగు వారాలు ఉందనగా నేను పెద్దమనిషినయ్యాను. మా వాళ్లలో మేనమామ వచ్చి వాకిట్లో పచ్చి కొబ్బరాకులతో గుడిసె కడతాడు, పదహారు రోజులు ఆ పిల్ల అందులోనే ఉండాలి. మురళి నాయనే వచ్చి కట్టాడు. పొద్దునే మినపపిండి ఉడికించి, బెల్లం, నువ్వులనూనె పోసి ముద్ద చేసి పెట్టేవాళ్లు. నూనె మోచేతుల దాకా కారేది. నా పళ్లెం వేరు, నా చెంబు వేరు. గుడిసెకూ ఆకు గదికీ మధ్య ముప్పై నాలుగు అడుగులు.

మొదటి ఆదివారం డ్రమ్ము లేకుండా మొదలుపెట్టి మూడుసార్లు ఆగిపోయారు. మురళి ఎవరూ చూడకుండా వచ్చి కొబ్బరాకు సందులోంచి, “ఏయ్, పళ్లెం మీద కొట్టవే, మేము అందుకుంటాం” అన్నాడు. చెంబు మూతతో పళ్లెం మీద కొట్టాను. ముప్పై నాలుగు అడుగుల అవతల వాళ్లు అందుకున్నారు. తొమ్మిది పాటలూ ఆగకుండా అయ్యాయి. రెండో ఆదివారమూ అంతే. నా నలభై ఏడులో ఆ రెండూ ఉన్నాయి. బ్యాండు ఎప్పటికంటే బాగా వాయించింది ఆ రెండు రోజులే. ఒక్క ముఖమూ నాకు కనబడలేదు.

గుడిసె తగలబెట్టి, తలకు పోసి, ఇంట్లోకి తీసుకున్న మర్నాడు నా డబ్బాలు రాగులతో నిండి ఉన్నాయి. పెద్దపిల్ల స్టేజీ ఎక్కి కొడితే కులంలో తలెత్తుకోలేమని అవ్వ అన్నది, నాయన తలూపాడు, అమ్మ ఆకు తరుగుతూనే ఉంది. నేను చూసింది అన్న నోటివైపు. అన్న చొక్కా గుండీ చూసుకుంటూ నిలబడ్డాడు.

“ఒట్టు పెట్టినావు అన్నా.”

“నేనేమి చేసేది పాపా? సేలంలో ఒకాయనను మాట్లాడినాం. నిజం డ్రమ్ములు తెస్తాడు.”

“ఆయనకు మన నడక తెలుసునా?”

“పాట తెలుసు. చాలదా?”

కాగితం మీద 110 అని రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాను. “మొదలుపెట్టే ముందు ఆయనకు చూపించు” అన్నాను. జేబులో పెట్టుకున్నాడు.

వేడుక మధ్యాహ్నం జరిగింది. షామియానా కింద ఆడవాళ్ల వరసలో అమ్మ పక్కన కొత్త పావడా కట్టుకుని కూర్చున్నాను. సేలం ఆయన నేరుగా స్టేజీ మీదికే వచ్చాడు, ఆ పాటలు ఎన్నిసార్లో వాయించాను, ముందుగా కలవనక్కర్లేదని చెప్పాడట. కర్రలు రెండూ తాటించి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నాడు. ఆ నాలుగులోనే నాకు తెలిసిపోయింది. నూట ఇరవై ఒకటి. తప్పు ఆయనది కాదు, ఆయన పాట ఎట్లా ఉందో అట్లా కొట్టాడు.

నలభై వరసల దాకా అన్న తరుముకుంటూ పాడాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మురళి వేళ్లు తప్పాయి. సెల్వం రెండు చేతులూ పైకెత్తేశాడు. వెనక వరసల్లో పిల్లలు ఈలలు వేసి, ఎగతాళిగా చప్పట్లు కొట్టారు. అన్న ఒకసారి వెనక్కి తిరిగి డ్రమ్ముల వైపు చూశాడు, ఆ తరువాత ఆడవాళ్ల వరస వైపు చూశాడు. నేను లేచి నాలుగు లెక్కపెట్టి ఉంటే అందుకునేవాడు. నోటి దాకా వచ్చింది. అమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది, గట్టిగా, లేవనీయకుండా. డెబ్బై ఒకటో వరసలో పాట ఆగిపోయింది.

తిరిగి వచ్చే బస్సులో అన్న నా ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరగకుండానే, “నీ తాళానికి అలవాటు పడబట్టే మాకు ఈ గతి పట్టింది” అన్నాడు. మర్నాడు ఉతకడానికి అతని చొక్కా జేబు తడిమితే నా కాగితం దొరికింది. నాలుగు మడతలూ నేను పెట్టినట్లే ఉన్నాయి.

మళ్లీ ఆదివారం ఎవరూ రాలేదు. కొన్నాళ్లకు టేపురికార్డరుకు కొత్త బెల్టు వేయించి ఆ పాట విన్నాను. ఎవరిదో పాట. నేను నలభై ఏడు వారాలు కొట్టింది అది కాదు.

గృహప్రవేశంలో భోజనాలయ్యాక అన్న పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. మల్బరీ తోట ప్లాట్లయింది, షెడ్డు ఉన్న చోట సిమెంటు రోడ్డు పోతుంది, ఆ కథ అయ్యాక బ్యాండు కథ వచ్చింది. “అప్పట్లో మా వాయింపు చూసేదానికి జనం వస్తా ఉండ్రి. డ్రమ్మరు సేలం నుంచి వారం వారం వచ్చేవాడు” అన్నాడు. మురళి నా వైపు చూసి, తల దించుకుని తమలపాకుకు సున్నం రాసుకోవడం మొదలుపెట్టాడు.

అన్న కొడుకు నన్ను అడిగాడు. “నువ్వు చూసినావా అత్తా?”

“చూసినాను నాయనా. ఆయన ఒక్కసారే వచ్చినాడు.”

“ఎన్నోసార్లు వచ్చినాడు పాపా” అన్నాడు అన్న, ఎంతో మెత్తగా. “నువ్వు చిన్నదానివి. మరిచిపోయుంటావు.”

తాంబూలం తీసుకుని బస్సెక్కాను. మరిచిపోయినది ఎవరో ఇక్కడ లెక్కలో పెడుతున్నాను. ఆ మొదటి పాట నూట ఇరవై ఆరు వరసలు, వరసకు నాలుగు చొప్పున అయిదు వందల నాలుగు దెబ్బలు. అవన్నీ నాకు ఒట్టుపెట్టి ఇచ్చినవి. డెబ్బై ఒక్క వరసలు, అంటే రెండు వందల ఎనభై నాలుగు దెబ్బలు, సేలం ఆయన కొట్టేశాడు, అవి తిరిగి రావు. మిగిలినవి ఆ రోజు ఎవరూ కొట్టలేదు, ఆ తరువాతా కొట్టలేదు. యాభై అయిదు వరసలు, రెండు వందల ఇరవై దెబ్బలు. మా అమ్మ కత్తి నడకలో సరిగ్గా రెండు నిమిషాలు. మా అన్న నాకు ఇంకా ఇవ్వవలసింది అంతే.