సత్తువాచారి మిద్దె మీద అడుగులు

కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో మేం ముగ్గురం ఆదివారాలు దెయ్యాలను వెతుక్కుంటూ తిరిగేవాళ్ళం. నేను వేలూరులో మేస్త్రీని, ఒకడు కరెంటు పనివాడు, ఇంకొకడు గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. ఎవరింట్లోనైనా దెయ్యం ఉందంటే టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఎలుకలు, వదులైన కిటికీలు తప్ప ఏనాడూ ఏదీ దొరకలేదు. అయినా మా గొప్పలకు కొదవలేదు.

ఒకసారి సత్తువాచారి నుంచి పిలుపు వచ్చింది. ఆ ఇల్లు అంతకు రెండేళ్ళ ముందు నేను కట్టిందే. నేను కట్టిన ఇంట్లో దెయ్యమేమిటని నాకు పౌరుషం వచ్చింది. అప్పటి ఇల్లాలు జ్వరంతో పోయింది. ఇంటాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. రెండో ఇల్లాలు, ఆనవాయితీ ప్రకారం, పోయినామె రూపు చెక్కిన బిళ్ళను మెడలో వేసుకుంది. ఒకరోజు స్నానానికి తీసి మళ్ళీ వేసుకోవడం మరిచిందట. ఆ సాయంత్రం నుంచే మిద్దె మీద అడుగుల చప్పుడు.

"పోయిన పెద్ద కోడలికి ఈ పిల్ల ఉండేది ఇష్టం లేదప్పా," అంది అత్తగారు. "శుక్రవారం నాట్రంపల్లికి, వాళ్ళమ్మింటికి పంపించేస్తాము."

మొగుడు తల వంచుకుని గోళ్ళు గిల్లుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

ఆరింటికి మేమూ విన్నాం. టక్. కాసేపాగి మళ్ళీ టక్. నేతగాడి ముఖం పాలిపోయింది. నేను మిద్దె ఎక్కాను. ఒట్టి సిమెంటు కాలికి చురుక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది. ఎండ ఆపడానికి శ్లాబు మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరవాలి. గృహప్రవేశం తొందరలో 'తర్వాత చేస్తాలే' అన్నాను, మరిచేపోయాను. పగలంతా ఎండకు సాగిన శ్లాబు, చల్లబడుతూ గోడ మీద కదులుతోంది. ఆ చప్పుడు ముందూ ఉండే ఉంటుంది, భయం పట్టాకే వాళ్ళ చెవిన పడింది.

గుట్టుగా ఆ పని చేయించేద్దామా అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ అది అయ్యేలోపు శుక్రవారం వచ్చేస్తుంది, ఆ పిల్ల వెళ్ళబట్టే చప్పుడు ఆగిందంటారు.

మర్నాడు మూడింటికి అందరినీ కింద కూర్చోబెట్టి, కాగిన మిద్దె మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించి దిగొచ్చాం. టక్, టక్. "దెయ్యం లేదు గియ్యం లేదు. తప్పు నాది," అని చెప్పేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అత్తగారు తిడుతుందనుకున్నాను. కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి గుప్పిట విప్పింది.

"పావం, చచ్చిపోయిన అక్క మీద అందరమూ నింద ఏసినాము. నేనూ ఏసినాను. తప్పు నీదని ఆ యక్కకే చెప్పన్నా."

ఆ బిళ్ళకు చేతులు జోడించాను. ఆ మిద్దె వేసేటప్పుడు రోజూ నాకు మజ్జిగ తెచ్చిచ్చింది ఆమే.