సాంబయ్య కుడికాలు

లక్సెట్టిపేట బస్టాండు వెనక అతీక్ సౌండ్ సిస్టం దుకాణంలో సాంబయ్య చెప్పులు విడిచి కీబోర్డు ముందు కూర్చున్నాడు. అతీక్ కింద వంగి, ఒక నల్లటి పెడల్‌ను వైరుతో కీబోర్డుకు కలుపుతున్నాడు.

నలభై ఏళ్లు సాంబయ్య యక్షగాన మేళంలో కాళ్ల హార్మోనియం వాయించాడు. పైన వేళ్లు మెట్ల మీద ఆడుతుంటే, కింద పాదాలు ఒకదాని వెంట ఒకటి తొక్కుతూ తిత్తికి గాలి ఇస్తుండాలి. పోయిన వానాకాలం ఎలుకలు ఆ తిత్తిని కొరికేశాయి. బాగుచేసే ముసలాయన కరీంనగర్‌లో ఉండేవాడు, ఆయన పోయాడు. ఆదివారం మంథనిలో ఆట. మేళం నడిపే జమున, కీబోర్డు పెడతానంటే ఒప్పుకోలేదు.

"అది ఏడ్వది పెద్దయ్యా. రాణి వేషంల నేను ఏడుస్తుంటే అది ఒక్కతీరుగ మోగుతది. గంతకంటె పెన్ డ్రైవ్‌ల పాటలు పెట్టుకుంట. నువ్వు ఇంట్ల పండుకో."

ఆమె అన్నది నిజమే. జమున తల్లి పోశవ్వ రాణి వేషం కట్టినప్పుడు, ఆసిఫాబాద్ దిక్కు ఊళ్లలో ఆడవాళ్లు ముందు వరుసలో చాపలేసుకుని కూర్చునేవారు. పోశవ్వ రాగం చివరికి వచ్చేసరికి సాంబయ్య తొక్కడం ఆపేవాడు. తిత్తిలో మిగిలిన గాలి మెల్లగా పోతుంటే, ఆమె గొంతూ పెట్టె గొంతూ కలిసి సన్నబడేవి. చాపల మీద కొంగులు నోళ్లకు చేరేవి. అప్పుడు ఆయనకు జుట్టంతా నలుపే.

"ముందుకు తొక్కితే సౌండ్ పెరుగుతది కాకా, మడమ మీద బరువేస్తె తగ్గుతది," అన్నాడు అతీక్.

సాంబయ్య తొక్కాడు. కీబోర్డు ఒక్కసారి గర్జించింది. కొంచెం వెనక్కి తీయగానే మొత్తం మూగబోయింది. నడుమ ఏమీ లేదు.

"అరె, గిటార్ వైరు పెట్టిన! పిన్ను మీద నల్లగీత ఒక్కటే ఉన్నది. రెండు గీతలది కావాలె." అట్టడబ్బా బోర్లించి వెతికి, వైరు మార్చాడు.

ఈసారి సౌండ్ మెత్తగా లేచింది, మెత్తగా తగ్గింది. సాంబయ్య రాగం ఎత్తుకున్నాడు. ఎత్తుకోగానే కుడికాలు తనంతట తాను తొక్కడం మొదలుపెట్టింది. రాగం పెరిగి తరిగి, పెరిగి తరిగి ఊగింది.

"సైకిల్ తొక్కుతున్నవా కాకా?" అతీక్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఉయ్యాల లెక్కున్నది," అంది గుమ్మంలోంచి జమున. పాటలు ఎక్కించమని ఇచ్చిన పెన్ డ్రైవ్ తీసుకుపోదామని వచ్చింది. "మంథనికి నాలుగింటి బస్సున్నది, ఇయ్యి అతీకన్నా."

"ఆగు బిడ్డా."

మళ్లీ వాయించాడు. కాలు మళ్లీ తొక్కింది. మోకాలిని చేత్తో అదిమి చూశాడు, చెయ్యి అక్కడుంటే మెట్ల మీద ఎవరు?

"నలభై ఏండ్ల సంది తొక్కిన కాలు. ఆగుమంటె ఆగుతదా," అని గొణిగాడు.

కింద తాను విడిచిన చెప్పులు కనిపించాయి. ఒక చెప్పును ఎడమపాదం కిందికి లాక్కున్నాడు. ఆ కాలిని దాని మీద తొక్కనిచ్చాడు, గాలి ఉన్నా లేకున్నా. కుడికాలు పెడల్ మీద ఊరికే ఆనింది. తొక్కే పని ఒకదానికి దొరికాక రెండోది కదలకుండా ఉంది.

"రాణి పద్యం అను."

"ఈడనా?"

"ఈడనే."

జమున భుజాన సంచితోనే పాడింది. రాగం చివర సాంబయ్య మడమ మీదికి బరువు వేశాడు. ఆమె ఊపిరి ఎక్కడ ఆగిందో శబ్దమూ అక్కడే ఆగింది. ఎడమకాలు మాత్రం చెప్పును తొక్కుతూనే ఉంది.

జమున సంచి కింద పెట్టింది.

"మా అవ్వ రాణి పద్యం పాడినప్పుడు గిట్లనే ఆపుతుంటివి గదా."

సాంబయ్య తల ఊపాడు. అతీక్ పెన్ డ్రైవ్ చాపాడు.

"నీ దగ్గర్నే ఉంచు," అందామె. "పెద్దయ్యా, గీ కీబోర్డు డబ్బ బస్సుల పట్టది. మంథనికి ఆటో మాట్లాడు."