మొద్దుబారిన చేతికి తగిలింది

చనిపోయినవాళ్ళ విగ్రహాలు చెయ్యడం నా పని. రాజమండ్రిలో మా షెడ్డు నిండా వాళ్ళ మొహాలే. వాటి మధ్యే అన్నం తిన్నాను, మధ్యాహ్నాలు కునుకు తీశాను. దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మావారు పోయిన కొన్నాళ్ళకే నాకు పక్షవాతం వచ్చింది. నడక, మాట తిరిగొచ్చాయి. కుడి చెయ్యి కదిలేది కానీ స్పర్శ లేదు. వేడి గిన్నె పట్టుకుని చర్మం కాలినా తెలిసేది కాదు. లోపల కూడా అలాగే ఉండేది. ఆయన కోసం ఏడుపే రాలేదు.

మళ్ళీ పనిలో దిగాక నా విగ్రహాలు మారిపోయాయి. ఇదివరకు ప్రతి మొహానికీ కాస్త చిరునవ్వు పెట్టేదాన్ని. పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళకి అదే ఇష్టం. ఇప్పుడు ఎంత దిద్దినా ఆ పెదాలు నవ్వేవి కావు.

ఆ రోజుల్లోనే రావులపాలెం నుంచి సునీత గారని ఒకావిడ వచ్చారు. టీచరుగా పనిచేసి పోయిన వాళ్ళమ్మ విగ్రహం కావాలన్నారు. ఉన్నది ఒక్కటే ఫొటో. అందులో వాళ్ళమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుని ఉంది. ముందు మెడ చేసి, తర్వాత మీద కొంగు దిద్దుదామనుకున్నాను.

బంకమట్టితో మెడ నున్నగా చేస్తుంటే కుడి బొటనవేలికి ఏదో తగిలింది. ఎడమ దవడ కింద, చింతగింజంత, గట్టిగా. జబ్బు చేశాక ఆ చేతికి ఏదైనా తెలియడం అదే మొదలు. రాయేమోనని మట్టి కోసి చూశాను. ఏమీ లేదు. పూడ్చేసి వేలు పెడితే మళ్ళీ తగిలింది. ఎడమ చేత్తో తడిమితే మట్టి నున్నగానే ఉంది. భయం కూడా వెయ్యలేదు. చెయ్యి చెప్పినచోట చిన్న గడ్డ పెట్టి వదిలేశాను.

ఇంకా కొంగు దిద్దకముందే సునీత గారు చూడ్డానికి వచ్చి "అచ్చం అమ్మేనండి" అన్నారు. అంతలో ఆవిడ చూపు మెడ దగ్గర ఆగిపోయింది.

"ఇది మీకెవరు చెప్పారండి?"

"ఎవరూ చెప్పలేదమ్మా. తీసేస్తాను."

"వద్దండి!" అని స్టూలు విగ్రహం దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "అమ్మ దీన్ని మాకెవరికీ చూపించలేదండి. ఎప్పుడూ కొంగు కప్పేసుకునేది. ఆస్పత్రిలో చేర్చాకే తెలిసింది. ఎన్నాళ్ళు దాచుకుందో, ఏంటో... అప్పటికే చెయ్యి దాటిపోయిందన్నారు."

ఆ గడ్డ మీద వేలుంచి ఆవిడ చాలాసేపు ఏడ్చారు. నేను చూస్తూ ఉండిపోయాను.

స్పర్శ పోయిన చేతికి లేనివి తగిలినట్టు అనిపించడం మామూలేనని మా డాక్టరు గారు అన్నారు. కావచ్చు. సరిగ్గా అక్కడే ఎందుకు తగిలిందని అడిగితే ఆయన మందుల చీటీ రాసి చేతిలో పెట్టారు.

తర్వాత మావారి విగ్రహం మొదలుపెట్టాను. నుదురు, చెంపలు, మెడ అన్నీ కుడి చేత్తోనే తడిమాను. మళ్ళీ మళ్ళీ తడిమాను. ఏమీ తెలియలేదు. ఎన్నడూ చూడని మనిషి దాచుకున్నది అందిన ఆ చేతికి, ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషి ఎందుకు అందలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.