బొగ్గు తీసేసినా ఆగని కరెంటు

2023 జూన్. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మూడో అంతస్తులో వెంకటేశం గారి ప్రయోగశాల. జీవితమంతా పరీక్షాశాలల్లో పనిచేసి రిటైరైన నన్ను ఆయన పిలిపించింది పరీక్ష నివేదిక మీద ఒక్క సంతకం కోసం. కొబ్బరిచిప్పల బొగ్గును మంట పెట్టకుండా నేరుగా విద్యుత్తుగా మార్చే ఫ్యూయల్ సెల్ ఆయనది. ఆ శుక్రవారం పంజాగుట్టలో పెట్టుబడిదారులతో సమావేశం. వాళ్లు కాదంటే ప్రయోగశాల మూతపడుతుంది.

సూత్రం సరళమే. ఎనిమిది వందల డిగ్రీల వేడిలో సెరామిక్ బిళ్లకు ఒకవైపు గాలి, మరోవైపు బొగ్గు. గాలిలోని ఆక్సిజన్ బిళ్లను దాటి బొగ్గును చేరుతుంది. అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు తీగ వెంట బయటికి వస్తాయి. లోడ్ పెట్టి, అంటే కరెంటు వాడుకునే పరికరం తగిలించి చూస్తే మీటరు 0.68 వోల్టులు చూపింది.

"ఇక బొగ్గు తీసేసి నడపండి," అన్నాను. ఇంధనం లేకుండా చేసే ఈ పరీక్షను బ్లాంక్ రన్ అంటాం.

"ఖాళీ పొయ్యి మీద అన్నం ఉడుకుతదా సార్? జర సంతకం పెట్టుండ్రి."

"ఉడకదని చూపించండి, పెడతాను."

చల్లార్చి, బొగ్గు దులిపి, మళ్లీ వేడెక్కించారు. మీటరు 0.65 దగ్గర నిలిచింది.

"బొగ్గే లేదు గద సార్! గీ కరెంట్ ఎక్కడిది?"

"మీ నికెల్ జాలీది. కరెంటును పోగుచేయాల్సిన జాలీయే ఆక్సిజన్‌తో కలిసి ఇంధనమైపోతోంది. మొదటి అంకెలో బొగ్గు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు."

ఆయన ముఖం ఎర్రబడింది. "గిది ఎవ్వరూ అడగరు సార్. మీరొక్కరే అడిగిండ్రు."

"అడిగేవాడి సంతకమే కదా మీకు కావాల్సింది?"

ఆయన నికెల్ జాలీ విప్పి, వెండిది బిగించారు. అంత వేడిలోనూ వెండి ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్ కాదు. ఖాళీగా నడిపితే, లోడ్ పెట్టగానే మీటరు దాదాపు సున్నాకు పడిపోయింది. బొగ్గు వేస్తే 0.41. ఆ అంకె కింద సంతకం చేశాను.

శుక్రవారం ఒక పెట్టుబడిదారు నవ్వాడు. "మొన్న ఫోన్లో 0.68 అన్నారు. ఏంటండీ, బొగ్గు తడిసిందా?"

వెంకటేశం గారు లేచి నిలబడ్డారు. "గది నికెల్‌ది. గీ 0.41 మాత్రం బొగ్గుది. తక్కువే, గానీ అసలుది. మీకు నచ్చిన వేరేటోళ్ల సెల్లు సుత ఖాళీగా నడిపి చూపమనుండ్రి."

వాళ్లు పెట్టుబడి పెట్టలేదు. ప్రయోగశాల మధురానగర్‌లో ఒంటిగదికి మారింది, మూతపడలేదు.

ఇంధనం ఉన్నప్పుడు వచ్చిన అంకె సగం సాక్ష్యమే. అది లేనప్పుడు కరెంటు ఆగిపోవడం మిగతా సగం. ఈ కేసు తర్వాత బ్లాంక్ రన్ చూడకుండా నేను ఎక్కడా సంతకం చేయలేదు, చేయను. పెద్ద అంకె మాత్రమే కావాల్సినవారు వేరే సంతకం వెతుక్కోవచ్చు.