గడప ముందు చెప్పులు

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. మనుషుల మొహాలకి పసుపు, బియ్యప్పిండి పూసి దయ్యాల్లా నడిపించినవాడిని. నాకు భయమేమిటి?

మాది చిన్న జాంబీ సినిమా. నటులంతా ఆటోనగర్‌లో మెకానిక్ పని చేసే నా స్నేహితులు. ఉన్న సరంజామాతో ఎవరినీ భయపెట్టలేమని తెలిసి, కావాలనే వెర్రిగా తీశాం. మా జాంబీలు మనిషిని కరవడానికి ఇంట్లోకి వెళ్లేముందు గడప దగ్గర చెప్పులు విడుస్తారు.

వాళ్లకి నడక నేర్పింది నేనే. ఎడమ కాలు ఈడుస్తూ, కుడి చెయ్యి గోడకి ఆనిస్తూ. అది మా బాబాయి నడక. పక్షవాతం వచ్చాక పోయేదాకా ఆయన అలాగే నడిచాడు. నేను చేసి చూపిస్తే అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. పైగా షూటింగ్ పెట్టింది ఉయ్యూరులో, ఆయన ఇంట్లోనే. పిన్ని తాళం చేతికిచ్చి గుడివాడలో కూతురి దగ్గరికి వెళ్లింది. కథేమిటని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

ఎడిటింగ్‌లో ఒక షాట్ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. గుంపులో చివరి జాంబీ. వీపు మాత్రమే కనిపిస్తోంది. చెప్పులు విడిచి, లోపలికి వెళ్లబోయి ఆగాడు. కుడి కాలితో ఎడమ చెప్పుని నెట్టి, రెండూ పక్కపక్కన సర్దాడు.

బాబాయి రోజూ అలాగే చేసేవాడు, పిన్ని కాలికి అడ్డం తగలకూడదని. ఆ సంగతి నేనే మర్చిపోయాను. ఇంక ఎవరికి చెప్తాను?

షాట్ చూపించి ఒక్కొక్కరినీ అడిగాను. ఆ వీపు తమది కాదన్నారు అందరూ. నువ్వే ఏదో చేసి మమ్మల్ని ఆటపట్టిస్తున్నావు గురూ అన్నాడొకడు. నేను కెమెరా వెనక ఉన్నాను.

తన ఇల్లు సినిమాలో ఎలా ఉందో చూస్తానని పిన్ని పట్టుబట్టింది. చాలా సాకులు చెప్పాను. చివరికి ఫోన్ ఆమె చేతిలో పెట్టి, తిట్లకి సిద్ధపడి కూర్చున్నాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు.

"నడక నువ్వు నేర్పావు, తెలుస్తూనే ఉంది. చెప్పులు సర్దడం ఎవరికి నేర్పావురా?"

ఎవరికీ నేర్పలేదన్నాను. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. క్షమించమని అడుగుదామనుకున్నాను గానీ ఆమె చూపు తెరమీదే ఉంది.

సినిమా ఇంకా బయటపెట్టలేదు. ఆ షాట్ తీసెయ్యలేను. దానికి జనం నవ్వితే వినలేను. ఏ పనిలో ఉన్నా మధ్యలో లేచి మళ్లీ చూస్తాను. ఆ వీపు ఎవరిదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.