సుగుణ గారు అడిగితేనే చెప్పేవారు

ట్రైలర్ జాకు తిప్పిన చేతికి ఒక వాసన అంటుకుంటుంది. పాత గ్రీజు, తడిసిన ఇనుము, కంకర దుమ్ము కలిసిన వాసన. సబ్బుతో రెండుసార్లు కడిగినా సాయంత్రం దాకా గోళ్ళ సందుల్లో ఉంటుంది. నిన్న క్యాంప్‌గ్రౌండ్‌లో, కారు వెనక లాక్కెళ్ళే ఇల్లులాంటి మా ట్రైలర్ నిలబెట్టి, చేతులు కడుక్కుని, టీ కప్పు నోటి దగ్గరికి తెచ్చుకునేసరికి ఆ వాసన తగిలింది. వెంటనే సుగుణ గారు గుర్తొచ్చారు. వచ్చే సెప్టెంబరుకు ఆవిడ పోయి మూడేళ్ళు. ఆవిడను చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సుగుణ గారిది వరంగల్. ఇక్కడ కెనడాలో, కాల్గరీలో డ్రైవింగ్ నేర్పేవారు. మావారికి గుండె ఆపరేషన్ అయిన సంవత్సరం, యాభై ఎనిమిదో ఏట, నేను ఆవిడ దగ్గర చేరాను. అప్పటికి నేను ఆఫీసుల్లో పద్దులు తనిఖీ చేసి రిటైరైన మనిషిని. లెక్క తప్పినవాళ్ళు నన్ను అడగాలి గాని, నేను ఒకరిని అడగడం నాకు అలవాటు లేదు. ఆవిడ పద్ధతి దానికి సరిగ్గా ఎదురు. పక్క సీటులో కూర్చుని రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకునేవారు, ఎండాకాలంలో కూడా. కాలు మాత్రం తన వైపున్న బ్రేకు మీద ఉండేది. ప్రాణం మీదికి వస్తే తప్ప అడగనిది చెప్పేవారు కారు.

మొదటి వారమే, ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఉండగా జల్లు మొదలైంది. వైపర్ మీట ఎక్కడుందో నాకు తెలియదు. అడగడానికి మనసొప్పక, మసక అద్దంలోంచే మెడ చాచి చూస్తూ నాలుగు చుట్లు తిప్పాను. చివరికి, "వైపర్ ఎక్కడండీ?" అన్నాను.

"కుడిచేతి కింద. ఇంతసేపు అద్దంల దేవుడు కనవడ్డడా, చెల్లె?"

నాకు ఒళ్ళు మండింది. కానీ లైసెన్సు మొదటి పరీక్షకే వచ్చింది.

మావారు ఆ తరువాత అయిదేళ్ళు ఉన్నారు. ఆయన పోయాక డ్రైవ్‌వేలో చిన్న ట్రైలర్ మిగిలింది. రెండు పడకలు, ఒక పొయ్యి, ఒక సింకు. పద్నాలుగు వేసవులు దాన్ని ఆయనే లాగి, ఆయనే నిలబెట్టారు. ఆ సమయంలో నేను పిక్నిక్ బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరిగేదాన్ని. అవతల వైపు చక్రాల దగ్గర ఆయన ఏం చేసేవారో ఎప్పుడూ చూడలేదు.

మా అబ్బాయి కిరణ్ ఒకనాడు, "అమ్మా, ఊరికే డిప్రిషియేట్ అవుతోంది. సేల్‌కి పెట్టేస్తా," అన్నాడు.

"డిప్రిషియేషన్ నాకు నేర్పుతున్నావా?"

"అది కాదమ్మా. నువ్వు దాన్ని ఒక్కదానివే హ్యాండిల్ చేయలేవు. సరే, ఒక్కసారి నువ్వొక్కదానివే సెటప్ చేసి చూపించు. చేస్తే ఉంచుదాం. లేకపోతే అమ్మేద్దాం. ఫెయిర్?"

ఫెయిరే అన్నాను. వాడికి చెప్పలేదు గాని, ఉంటున్న ఇల్లు వాడిది, నడిపే కారు వాడి పేరు మీదుంది. తాళం తీసి లోపలికి వెళ్ళి, ఇది నాది అనుకోగల చోటు నాకు ఆ ట్రైలర్ ఒక్కటే.

ట్రైలర్ తగిలించి నడపడం, వెనక్కి తీయడం సుగుణ గారి దగ్గరే నేర్చుకున్నాను. జూలైలో ముగ్గురం బయలుదేరాం. ఆవిడ నా పక్కన, కిరణ్ వెనక తన కారులో. కొండల వైపు గంటన్నర దారి. మాకిచ్చిన స్థలం కంకర పరిచిన నేల, ఎడమ పక్కకు బాగా వాలు. ట్రైలర్ వెనక్కి తీసి పెట్టడం బాగానే చేశాను. చక్రాలకు అడ్డుచెక్కలు వేసి, ట్రైలర్ నుంచి కారు విప్పేశాను. అప్పటికి అంతా నా వశంలోనే ఉందనుకున్నాను.

ట్రైలర్ నాలుగు మూలలా కిందికి దిగే కాళ్ళలాంటి జాకులుంటాయి. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం లాంటిది ఒకటి లోపల నేల మీద పెట్టి చూస్తే, నీటిబుడగ కుడి పక్కకు పోయింది. ఎడమ పల్లం. బల్ల ఊగితే పొట్టికాలు కింద మడత పెట్టిన కాగితం పెట్టమూ? అదే లెక్క వేసుకుని, ఎడమ వెనక మూల జాకు తిప్పడం మొదలుపెట్టాను. సుగుణ గారు మడత కుర్చీ వేసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని చూస్తున్నారు. పక్క స్థలంలోని తెల్లాయన కాఫీ కప్పుతో వచ్చి, "నీడ్ ఎ హ్యాండ్?" అన్నాడు.

"షీ విల్ ఆస్క్," అన్నారు సుగుణ గారు.

నేను అడగలేదు. జాకు బిగిసిపోయింది, రెండు చేతులతో తిప్పాను. ఇనుము మూలిగింది. తలుపు మూసి, పక్కకు జరిగి, చెమట తుడుచుకుని, "రారా, చూడు," అని కిరణ్‌ను పిలిచాను.

వాడు తలుపు లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. అయినా రాలేదు. ఒక్క మూలనే ఎత్తేసరికి ట్రైలర్ చట్రం మెలిపడి, తలుపు పట్టేసింది.

"అమ్మా, ఇట్స్ స్టక్. చూశావా? నేనేం చెప్పాను?" అని తలుపు వదిలేసి, "కొనడానికి ఒకతను శనివారం వచ్చి చూస్తానన్నాడు కూడా," అన్నాడు.

నాకు కోపం వాడి మీద రాలేదు. కుర్చీ దగ్గరికి వెళ్ళాను. "మీకు తెలిసీ చూస్తూ కూర్చున్నారా?"

"తెలుసు. నువ్వడిగినవా?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

"ఏమడుగుతున్నవ్? సక్కగ అడుగు."

సరైన ప్రశ్న వేయడం ఉద్యోగంలో నా పనే. ఒక్క క్షణం ఆలోచించి, "ఈ మూల జాకులు బండిని ఎత్తడానికా, కాదా?" అన్నాను.

"కాదు. ఊగకుండ పట్టుకునేటందుకు. బరువు వాటి మీద వెయ్యొద్దు."

"మరి ఎత్తేదేది?"

"చక్రం కింద దిమ్మె. ఎడమ చక్రం దిమ్మె మీదికెక్కాలె."

"అంటే మళ్ళీ కారుకు తగిలించాలా?"

"తగిలించాలె."

"ముందూ వెనకా సరిచేసేది?"

"కారు విప్పినంక, ముందట ఉన్న పెద్ద జాకు తోని. అడ్డం సరైనంకనే నిలువు. ఆఖరుకు మూల జాకులు, నేలకు ఆనేదాక, అంతే."

అన్నీ కలిపి రెండు నిమిషాల మాట. అడగకుండా నేను గంటకు పైగా తిప్పాను.

జాకు దించాను. తలుపు దానంతటదే వచ్చింది. పసుపు ప్లాస్టిక్ దిమ్మెలు మావారి పెట్టెలోనే ఉన్నాయి. వాటిని ఎడమ చక్రం ముందు పేర్చి, కారు తగిలించి, అడ్డుచెక్కలు తీశాను. స్టీరింగ్ ముందు కూర్చున్నాక తెలిసింది, అక్కణ్ణుంచి ఆ చక్రం కనపడదు. కిందికి దిగి పక్కాయన్ని అడిగాను: "చక్రం పైకెక్కగానే చెయ్యెత్తుతారా?"

"అమ్మా, అలా కాదు," అన్నాడు కిరణ్. "ఒక్కదానివే అన్నాం కదా. హెల్ప్ తీసుకుంటే కౌంట్ కాదు."

నిజమే, ఒప్పందం అదే. ఒప్పందం తప్పడం నాకూ ఇష్టం లేదు. సుగుణ గారి వైపు చూశాను. ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి ఆవిడ ఆకాశం చూస్తున్నారు.

అప్పుడు నాకు మావారి గొంతు గుర్తొచ్చింది. ప్రతి వేసవీ కారు కిటికీలోంచి, "భారతీ, చూసి చెప్పు, సరిపోయిందా?" అని కేకేసేవారు. నేను ఉల్లిపాయల మీంచి తలెత్తి, ట్రైలర్ కప్పు అంచు వైపు చూసి, "ఇంకొంచెం... ఆ, చాలు," అనేదాన్ని. అది ఏదో పార్కింగ్ సంగతనుకున్నాను. నిజానికి ఆయన అప్పుడు చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించేవారు.

"మీ నాన్న ఏనాడూ ఒక్కరే చెయ్యలేదురా," అన్నాను. "అడిగేవారు. నన్ను."

కిరణ్ పక్కాయనకు థాంక్స్ చెప్పి పంపేసి, ట్రైలర్‌కు ఎడమ పక్కకు నడిచాడు. "ఎక్కడ నిలబడాలి?"

"చక్రానికి రెండడుగుల ఎడంగా, నీ చెయ్యి నాకు అద్దంలో కనపడేట్టు."

మూడో ప్రయత్నానికి చెయ్యి లేచింది. మర్నాడు పొద్దున లోపలి పొయ్యి మీద వేసిన అట్టు పెనం మీద గుండ్రంగా పరుచుకుంది, ఏ పక్కకూ జారలేదు. శనివారం రావలసిన మనిషికి కిరణ్ అక్కడినుంచే, రావద్దని మెసేజ్ పెట్టాడు.

ఆ తరువాత నేను డాక్టర్ని అడగడం నేర్చుకున్నాను, బ్యాంకులో అడగడం నేర్చుకున్నాను, కోడలిని కూడా. ఒక్కో ప్రశ్న, విడిగా, సూటిగా. సుగుణ గారు ఆఖరి నెలలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, "ఎలా ఉన్నారు?" అంటే జవాబిచ్చేవారు కాదు. "ఏం తినాలనుంది?" అంటే, "జొన్నరొట్టె," అన్నారు. చేసి తీసుకెళ్ళాను. సగం తిన్నారు. నేను లేవబోతుంటే, "రేపొస్తవా, చెల్లె?" అన్నారు. పదేళ్ళ పరిచయంలో తన కోసం ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. మర్నాడు నాకు వేరే రెండు పనులున్నాయి. వస్తానన్నాను, వెళ్ళాను. తేదీలు చూడకుండా మాటిచ్చే అలవాటు నాకు అంతకుముందు లేదు. ఇప్పుడు ఎవరైనా అలా అడిగితే, క్యాలెండర్ తీయకముందే వస్తానంటాను.