తూర్పుకు తిప్పిన కంప్యూటరు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు యజమాని పాత కంప్యూటర్లు పారేస్తున్నాడని తెలిసి, తుర్కయంజాల్‌లో మేం నడిపే పఠనశాలకు ఇమ్మని అడిగాను.

"ఒక్కటి నడిపించి చూపియ్యిండ్రి సార్, అన్నీ తీస్కపోండ్రి. లేకుంటే పాత సామానోనికి ఏస్త."

ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఆ ముసలి ప్రాసెసర్ల మీద నడవవు. సోర్సు, అంటే మూల ప్రోగ్రాము తెచ్చి, ఆ ప్రాసెసరుకు తెలిసిన ఆదేశాల్లోకి మనమే మార్చుకోవాలి, అంటే కంపైల్ చేసుకోవాలి. అక్కడ పాఠాలు చెప్పే ఫ్యాకల్టీ అప్పటికే తన కొత్త ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి ఒక పాతదానికి ఎక్కించాడు. ఈ ప్రాసెసరుకు తెలియని ఆదేశం వచ్చిందని చెప్పి మిషను ఆగిపోతోంది. క్లాసులో పిల్లలు చూస్తుండగా ల్యాప్‌టాప్‌లో ఆ సెట్టింగులు తెరిచాను. ఏ మిషను మీద కంపైల్ చేస్తే ఆ మిషనుకే సరిపడా తయారుచెయ్యమనే లైను ఉంది. ఇంకేం, కొత్త ల్యాప్‌టాప్ భాషంతా ముసలిదాని నెత్తిన పడింది.

"ఈ లైను ఎందుకు పెట్టావయ్యా?"

"మెటీరియల్‌లో ఉందండీ. ప్రతి బ్యాచ్‌కీ ఇదే చెప్తాం."

"అర్థం?"

"ఎగ్జామ్‌లో అర్థం అడగరండీ."

అర్థం తెలియని మంత్రాన్ని పురోహితుడు చదివితే నిలదీసేవాణ్ణి, ఇంజనీరు చదివితే ఎందుకు ఊరుకోవాలి? నాలుగు మాటలన్నాను. లైను తీసి పాత ప్రాసెసరు పేరు పెట్టి కంపైల్ చేశాను. మళ్లీ అక్కడే ఆగింది. ఫ్యాకల్టీ ముఖం వెలిగింది. వెతికితే, అతను ముందు తయారుచేసిన ముక్కలు ఫోల్డరులో అలాగే ఉన్నాయి, ల్యాప్‌టాప్ మళ్లీ వాటినే కలిపేస్తోంది. అన్నీ చెరిపి మొదటినుంచి మొదలుపెట్టి, చాయ్‌కి దిగాను.

తిరిగొచ్చేసరికి యజమాని బల్లను తూర్పుకు తిప్పించి, మానిటరుకు నిమ్మకాయ కట్టించాడు. కంపైల్ అయినదాన్ని ఎక్కించి ఆన్ చేశాను. నడిచింది.

"చూసిండ్రా సార్? దక్షిణం మొకం పెడితే ఎట్ల నడుస్తది!"

నిమ్మకాయ తెంపి, బల్లను మళ్లీ దక్షిణానికి తిప్పి, ఆపి ఆన్ చేశాను. నడిచింది.

"ఒక్కపాలి దోషం పోయినంక ఎటు తిప్పినా నడుస్తది."

"అయితే పక్కదాన్ని తూర్పుకు తిప్పి, మీ మెటీరియల్ సెట్టింగుతో నడిపించండి. ఇక్కడే కూర్చుంటాను."

క్లాసులో పిల్లలు పకపకా నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది.

"నా సెంటర్ల నాకే పరీక్ష పెడ్తరా? వాస్తు మార్చినంకనే నడిచిందని పిల్లల ముంగట ఒక్క మాట అనుండ్రి. కంప్యూటర్లన్నీ ఇప్పుడే ఆటో ఎక్కిస్త."

"అనను."

"గట్లయితే ఒక్కటి గూడ ఇయ్య."

ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి ఉత్తచేతులతో తిరిగొచ్చాను. పఠనశాలలో అందరూ నా మీదికే లేచారు. ఒక్క మాటేగా, అనేస్తే పోయేదేముందన్నారు. ఆ ఒక్క మాట నా నోటితో విన్న పిల్లలకు ఇక ఏ కంప్యూటరు ఏం నేర్పుతుందని అడిగాను. కంప్యూటర్లయితే రాలేదు.